తుపాకి మారింది, స్కోపు మిగిలింది: బస్తర్ దళాల ముందున్న మరమ్మతు సమస్య

వామపక్ష తీవ్రవాదాన్ని 2026 మార్చి 31 నాటికి అంతం చేస్తామని కేంద్ర ప్రభుత్వం గడువు ప్రకటించిన తరువాత బస్తర్ వార్తలు ప్రధానంగా అంకెల రూపంలోనే వెలువడుతున్నాయి. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు మరణించారు. అక్టోబర్ 17న జగదల్‌పూర్‌లో తక్కళ్లపల్లి వాసుదేవరావు సహా 210 మంది 153 ఆయుధాలతో లొంగిపోయారు. నవంబర్ 18న మారేడుమిల్లి అడవుల్లో మడావి హిడ్మా హతమయ్యాడు. కేంద్ర హోంశాఖ జాబితాలో తీవ్రవాద ప్రభావిత జిల్లాల సంఖ్య అదే ఏడాది అక్టోబర్‌లో 18 నుంచి 11కు తగ్గింది. అత్యంత ప్రభావిత జిల్లాలుగా మిగిలిన బీజాపూర్, సుక్మా, నారాయణపూర్ మూడూ బస్తర్ డివిజన్‌లోనివే.

అదే మార్చి 31తో ముగిసేది మరొకటి ఉంది. కేంద్ర సాయుధ పోలీసు దళాలకు ఆధునిక ఆయుధాలు, పరికరాలు సమకూర్చేందుకు 2022 ఫిబ్రవరి 1న ఆరంభమైన నాలుగో ఆధునికీకరణ ప్రణాళిక కాలపరిమితి కూడా ఆ తేదీ వరకే. దానికి కేటాయించిన మొత్తం రూ.1,523 కోట్లు. ఆర్థిక సంవత్సరం చివరి రోజు కావడం వల్లనే రెండు తేదీలూ కలిసి ఉండవచ్చు. అయితే పర్యవసానం మాత్రం ఆలోచించదగినది. సంక్షోభ కాలంలో కొన్న సున్నితమైన పరికరాలకు మరమ్మతు అవసరం పెరిగేది సరిగ్గా సంక్షోభం సద్దుమణిగి, నిధుల ప్రవాహం సన్నగిల్లే వేళకే. ఈ లెక్కలో అందరికంటే ముందు వరుసలో నిలిచేది రైఫిల్ మీద అమర్చే స్కోపు.

రైఫిల్‌కు దీర్ఘాయువు ఎక్కువ. లొంగిపోయిన మావోయిస్టులు అప్పగించిన ఆయుధాల్లో నేటికీ .303 రైఫిళ్లు కనిపిస్తున్నాయంటే కారణం అదే. ఉక్కు, కర్ర, స్ప్రింగులతో కూడిన ఆ యంత్రాన్ని నూనె, గుడ్డ, కాస్త నేర్పు ఉన్న ఏ ఆర్మరరైనా దశాబ్దాల పాటు నడిపించగలడు. స్కోపు సంగతి వేరు. పగటి వేళ వాడే టెలిస్కోపిక్ సైట్‌లో పలుచని రసాయన పూత పూసిన కటకాలు, వాటి మధ్య తేమలేని నైట్రోజన్ వాయువు, దానిని పట్టి ఉంచే రబ్బరు వలయాలు ఉంటాయి. రాత్రి వేళ వాడే సైట్‌లో వీటికి తోడు మసక వెలుతురును వేల రెట్లు పెంచే ఇమేజ్ ఇంటెన్సిఫయర్ ట్యూబ్ ఉంటుంది. థర్మల్ సైట్ అయితే దేహోష్ణాన్ని పసిగట్టే సెన్సర్, జెర్మేనియం కటకం, ఒక చిన్న కంప్యూటర్ ఉంటాయి. ఇవన్నీ కాలంతో పాటు అరిగేవే. పైగా చాలావరకు తయారీదారుడు తప్ప మరొకరు విప్పరాదని సీలు వేసి ఇచ్చేవే.

బస్తర్ వాతావరణం ఈ అరుగుదలను వేగవంతం చేస్తుంది. జగదల్‌పూర్ ప్రాంతంలో ఏటా కురిసే వాన దాదాపు 1,400 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబర్ వరకే కురుస్తుంది. ఆ నాలుగు నెలలు దట్టమైన సాల అడవిలో రేకుల పైకప్పు కింద, ఇసుక బస్తాల గోడల మధ్య ఉన్న శిబిరంలో గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఎండకాలంలో రబ్బరు వలయాలు గట్టిపడతాయి. వానాకాలంలో ఆ పగుళ్ల గుండా తేమ లోపలికి చేరుతుంది. లోపలి కటకం మీద మొదట ఆవిరి పడుతుంది. కొన్నాళ్లకు సాలెగూడు వంటి తెల్లని బూజు పాకుతుంది. ఈ శిలీంధ్రం వదిలే ఆమ్లం పూతను, ఆ తరువాత గాజునే తినివేస్తుంది. తొలి దశలో గుర్తిస్తే తుడిచివేయవచ్చు. ఆలస్యమైతే కటకం మార్చవలసిందే. కోస్తా ఆంధ్రలో ఫొటోగ్రాఫర్లు ఒకప్పుడు కెమెరా లెన్సులను చిన్న బల్బు వెలిగించిన చెక్క పెట్టెలో దాచిపెట్టేవారు. నేటికీ అది చవకైన ఉపాయమే. కానీ అందుకు నిరంతర విద్యుత్తు కావాలి. జనరేటర్ మీద, సౌర ఫలకాల మీద ఆధారపడే మారుమూల శిబిరంలో ఆ పెట్టె కంటే ముందు వైర్‌లెస్ సెట్లకూ, మొబైల్ జామర్లకూ వాటా వెళుతుంది.

స్కోపు తెరచి శుభ్రం చేయడం శిబిరంలో జరిగే పని కాదు. దుమ్ము లేని గదిలో విప్పాలి. కటకాలను తిరిగి ఒకే అక్షం మీదకు తేవాలి. లోపలి గాలిని తోడి నైట్రోజన్ నింపాలి. ఆ తరువాత రైఫిల్ మీద బిగించి గురి సరిచూడాలి. దళాల పరిభాషలో దీనినే జీరోయింగ్ అంటారు. ఇది ఎంత సూక్ష్మమైన వ్యవహారమో ఒక లెక్క చెబుతుంది. కోణమానంలో ఒక డిగ్రీలో అరవయ్యో వంతు తేడా వస్తే 100 మీటర్ల దూరంలో తూటా దాదాపు 3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. అటువంటి తేడా మూడింతలై, దూరం 300 మీటర్లయితే తూటా 26 సెంటీమీటర్లు తప్పుతుంది. మనిషి ఛాతీ వెడల్పులో అది సగానికి పైమాటే. స్కోపు పాడైందని కంటికి కనిపించదు. గీతలు స్పష్టంగానే ఉంటాయి, దృశ్యం దగ్గరగానే కనిపిస్తుంది, గురి మాత్రం ఎటో ఉంటుంది. మొరాయించిన తుపాకి కనీసం తన లోపాన్ని తానే ప్రకటిస్తుంది.

పాతబడే విధానం అన్ని సైట్లకూ ఒకటి కాదు. కోబ్రా కమాండోలు వాడుతున్న ఇజ్రాయెల్ జాతి తుపాకుల తరహాలో బ్యాటరీ అవసరం లేని కొన్ని సైట్లలో గురి చుక్కను వెలిగించేది ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. అంటే ఎంత జాగ్రత్తగా దాచినా, ఒక్కసారి కూడా వాడకపోయినా పన్నెండేళ్లకు వెలుతురు సగమవుతుంది. ఇది లోపం కాదు కనుక ఏ వారంటీ కిందికీ రాదు. రేడియోధార్మిక పదార్థం కనుక ఆ గొట్టాన్ని ఎవరు పడితే వారు మార్చనూ కూడదు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయి. 1963లో సోవియట్ సైన్యం స్వీకరించిన డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్‌తో వచ్చే పీఎస్‌ఓ-1 స్కోపుది మరో రకం ఇబ్బంది. గాజు నేటికీ పదిలమే. కానీ దాని తొలి నమూనాల గురి గీతలను వెలిగించే చిన్న బ్యాటరీ రకం బజారు నుంచి ఎప్పుడో మాయమైంది. ఇమేజ్ ఇంటెన్సిఫయర్ ట్యూబ్ ఆయుష్షును సంవత్సరాలలో కాక గంటలలో కొలుస్తారు. రెండో తరం ట్యూబులకు అది కొన్ని వేల గంటలు. పరికరాన్ని ఎన్ని గంటలు వాడారో లాగ్ పుస్తకంలో రాసి పెడితే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. ఒక గస్తీ బృందం నుంచి మరో బృందానికి, ఒక బెటాలియన్ నుంచి దాని స్థానంలోకి వచ్చిన మరో బెటాలియన్‌కు చేతులు మారే చోట ఆ పుస్తకం పరికరం వెంట నడిస్తేనే ప్రయోజనం.

వారంటీ గడియారం కూడా విచిత్రంగా నడుస్తుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో హామీ కాలం సాధారణంగా సరుకు తనిఖీ పూర్తయి స్వీకరించిన రోజు నుంచి మొదలవుతుంది. జవాను చేతికి అందిన రోజు నుంచి కాదు. పరికరం మొదట కేంద్ర గిడ్డంగికి, అక్కడి నుంచి గ్రూప్ సెంటర్‌కు, అక్కడి నుంచి బెటాలియన్ ఆయుధాగారానికి, చివరకు అడవిలోని కంపెనీకి చేరేసరికి నెలలు గడుస్తాయి. తెలుగు రాష్ట్రాల రిజర్వు పోలీసులు ఆయుధాగారాన్ని ఇప్పటికీ 'బెల్ ఆఫ్ ఆర్మ్స్' అంటారు. ఖరీదైన వస్తువు పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో దానిని అక్కడే భద్రంగా దాచి ఉంచే అలవాటు ఏ దళానికైనా ఉన్నదే. అలా గిడ్డంగిలో గడిచిన కాలమంతా వారంటీ నుంచి కోతే. కవరు విప్పి తొలి వానాకాలం చూసిన తరువాత లోపం బయటపడితే హామీ పత్రం అప్పటికే చెల్లకపోవచ్చు.

గడువు లోపలే లోపం కనిపించినా దారి నునుపుగా ఉండదు. సుక్మా జిల్లాలోని ఒక లోపలి శిబిరంలో పాడైన సైట్ ముందుగా జిల్లా కేంద్రానికి రావాలి. ఆయుధ భాగం కనుక సాయుధ రక్షణ లేనిదే కదలదు. తపాలాలో పంపే వస్తువు కాదు. రోడ్డు తెరిచే బృందం మందుపాతరల కోసం దారి వెదికిన రోజునే వాహనం కదులుతుంది. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు దాదాపు 300 కిలోమీటర్లు. తయారీ సంస్థ అక్కడా ఉండదు. కాబట్టి పదీ పదిహేను పరికరాలు పోగయ్యేదాకా ఆగి, అన్నీ కలిపి ఒకేసారి పంపడం ఏ క్వార్టర్‌మాస్టర్‌కైనా సహజంగా తోచే పద్ధతి. కాగితం మీద అది పొదుపు. గస్తీకి వెళ్లే బృందానికి మాత్రం అది ఒక సీజన్ మొత్తం కన్ను లేకుండా పోవడం.

విదేశీ పరికరమైతే మరో గోడ అడ్డు వస్తుంది. రాత్రి చూపు సాధనాలను అమెరికా తన ఆయుధ ఎగుమతి నియంత్రణ నిబంధనల పరిధిలో ఉంచింది. ఐరోపా దేశాలు వాసెనార్ ఒడంబడిక ప్రకారం నియంత్రిస్తాయి. 2017 డిసెంబర్‌లో ఆ ఒడంబడికలో చేరిన భారత్ కూడా స్కోమెట్ జాబితా ద్వారా అటువంటి సరుకు దేశం దాటడాన్ని పర్యవేక్షిస్తుంది. మరమ్మతు కోసం పంపి తిరిగి తెచ్చుకునే వస్తువుకు సైతం రెండు వైపులా పత్రాలు కావాలి. విదేశాల్లో వేటగాళ్లకు స్కోపులు అమ్మే పేరున్న సంస్థలు కొన్ని జీవితకాల హామీ ఇస్తాయి. పాత నమూనా విడిభాగాలు దొరకకపోతే దానికి సమానమైన కొత్త నమూనా పంపిస్తాయి. వేటగాడికి అది వరం. ప్రభుత్వ దళానికి తలనొప్పి. లెడ్జర్‌లో ఒక క్రమసంఖ్య, చేతిలో మరో క్రమసంఖ్య ఉంటే ఆడిట్ ఊరుకోదు. పాతదానిని పనికిరానిదిగా తీర్మానించే బోర్డు కూర్చుని, సంతకాలు పూర్తయి, కొత్తది పద్దులోకి ఎక్కేవరకు ఆ వస్తువు పెట్టెలోనే ఉంటుంది.

ఈ వేటగాడి ప్రస్తావనలోనే మరో అంశం దాగి ఉంది. జర్మనీలోనైనా, అమెరికాలోనైనా స్కోపు బాగుచేసే ప్రైవేటు మెకానిక్‌లు ఉండటానికి కారణం అక్కడి లక్షలాది వేటగాళ్లు. భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత వేట ముగిసింది. ముగియడం మంచిదే. మిగిలింది క్రీడా షూటింగ్ చేసే కొద్దిమంది. అందువల్ల దేశంలో ఈ పని తెలిసిన పౌర విపణి ఏర్పడలేదు. హైదరాబాద్ కోఠిలో పాత కెమెరా లెన్సు విప్పి బూజు తుడవగల నిపుణుడు దొరకవచ్చు. ఆయన చేతికి దళం తన రైఫిల్ సైట్‌ను ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. సైన్యానికి ఈ చిక్కు కొంత తక్కువ. 1943లో ఏర్పడిన ఈఎంఈ విభాగానికి క్షేత్రస్థాయి నుంచి బేస్ వర్క్‌షాప్ వరకు అంచెలంచెలుగా మరమ్మతు వ్యవస్థ ఉంది. సికింద్రాబాద్‌లోని కళాశాలలో సాంకేతిక సిబ్బందికి శిక్షణ ఇస్తారు. కేంద్ర సాయుధ పోలీసు దళాలకు అంత విస్తృతమైన ప్రత్యేక విభాగం లేదు. వాటి ఆర్మరర్లు తుపాకి పనిలో నిష్ణాతులు. గాజు, ఎలక్ట్రానిక్స్ పని వారికి అప్పగించినదే కాదు.

తుపాకి మారినప్పుడు స్కోపు అనాథ కావడం మరో సమస్య. 1990ల చివర దళాలకు వచ్చిన ఇన్సాస్ రైఫిల్ కోసం ప్రత్యేకంగా రాత్రి సైట్లు దేశంలోనే తయారయ్యాయి. ఇన్సాస్ మీద ఫిర్యాదులు పెరగడంతో నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లోని సీఆర్పీఎఫ్ జవాన్లు గత దశాబ్దంలో క్రమంగా ఏకే శ్రేణి తుపాకుల వైపు మళ్లారు. ఇన్సాస్ కోసం రూపొందిన బిగింపు ఏకే మీద కూర్చోదు. ఏకే తుపాకులు సైతం వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో తయారైనవి. కొన్నింటికి పక్కన సైట్ బిగించే పట్టా ఉంటుంది, కొన్నింటికి ఉండదు. అమేఠీ సమీపంలోని కోర్వాలో తయారవుతున్న ఏకే-203కి పైభాగంలోనే ప్రామాణిక పట్టా ఉంది. దాని ఒప్పందం 2021 డిసెంబర్‌లో కుదిరింది, 6 లక్షలకు పైగా రైఫిళ్లు సైన్యానికి అందాలి. పట్టా ఒకే ప్రమాణంలో ఉంటే రైఫిల్ మారినా సైట్ పనికొస్తుంది. అంతదాకా పద్దులో 'పనిచేయుచున్నది' అని నమోదై, బిగించుకునే తుపాకి లేని సైట్ ఒక వింత ఆస్తిగానే ఉంటుంది.

దేశీయ తయారీదారుల వైపు చూస్తే తెలుగు పాఠకులకు పరిచయమైన పేర్లే ఎదురవుతాయి. మచిలీపట్నంలో 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా మొదలై, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్‌లో కలిసిన కర్మాగారం దేశ రక్షణ దళాలకు రాత్రి చూపు సాధనాలు అందిస్తున్న ప్రధాన కేంద్రాల్లో ఒకటి. కృష్ణా జిల్లా నిమ్మలూరులో దాదాపు రూ.360 కోట్లతో నిర్మించిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబర్ 16న ప్రధాని నరేంద్ర మోదీ కర్నూలు నుంచి జాతికి అంకితం చేశారు. ఉత్తరాఖండ్‌లోని డెహ్రాడూన్‌లో ఉన్న ఆప్టికల్ ఆయుధ కర్మాగారాలు 2021 అక్టోబర్ 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయినప్పుడు ఇండియా ఆప్టెల్ లిమిటెడ్‌గా మారాయి. యాదృచ్ఛికమే అయినా, సుక్మా మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఒక కొస ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్, మరో కొస విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం. సైట్లు తయారయ్యే రెండు ప్రాంతాలకూ బస్తర్ నుంచి ఒకే రోడ్డు వెళుతుంది. ఆ రోడ్డు మీద బస్తర్‌లో లేనిది మరమ్మతు కేంద్రం.

జగదల్‌పూర్‌లో అటువంటి కేంద్రం నెలకొల్పడం ఊహకందని విషయమేమీ కాదు. దుమ్ము చొరని ఒక గది, నైట్రోజన్ సిలిండర్లు, కటకాల అమరిక సరిచూసే కొలిమేటర్, తయారీ సంస్థ నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు సాంకేతిక నిపుణులు ఉంటే అక్కడికి చేరే సమస్యల్లో ఎక్కువ భాగం తీరుతుంది. బూజు, సీలు, బ్యాటరీ గది తుప్పు, గురి సర్దుబాటు వంటివి అక్కడే బాగుపడతాయి. ట్యూబ్ మార్పు, సెన్సర్ వైఫల్యం మాత్రమే కర్మాగారానికి వెళతాయి. అవిభక్త బస్తర్ జిల్లా వైశాల్యం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. కేరళ రాష్ట్రం కంటే కాస్త పెద్దది. ఇప్పుడు ఏడు జిల్లాలుగా విడిపోయిన ఆ ప్రాంతంలో సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, ఐటీబీపీ, జిల్లా రిజర్వు గార్డులు, బస్తర్ ఫైటర్లు ఎవరి సరుకు వారు కొని, ఎవరి దారిన వారు మరమ్మతుకు పంపుతుంటే ఏ ఒక్కరికీ సొంత కేంద్రం నడపగల పరిమాణం ఉండదు. ఉమ్మడిగా అయితే ఉంటుంది.

నిబంధనలు ఇందుకు అడ్డు కావు. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి యంత్రపరికరాల కొనుగోలుతో పాటు నిర్వహణ ఒప్పందం కుదుర్చుకోవచ్చని చెబుతున్నది. వారంటీ కాలంలో సరఫరాదారుడే ఉచితంగా నిర్వహించాలని గుర్తు చేస్తున్నది. సమస్య అంతా ధర పోల్చే తీరులో ఉంది. తక్కువ ధర కోట్ చేసిన వారికి టెండర్ దక్కే పద్ధతిలో పదేళ్ల నిర్వహణ ఖర్చు కలపకుండా కేవలం పెట్టె ధరను పోలిస్తే, విడిభాగాల హామీ ఇవ్వలేని సంస్థకే మొగ్గు లభిస్తుంది. ఐదారేళ్లకు ఆ నమూనా తయారీ ఆగిపోతే, లేదా సంస్థే మూతపడితే, వార్షిక నిర్వహణ ఒప్పందానికి ముందుకు వచ్చేవారుండరు. కొనుగోలు మూలధన పద్దు నుంచి, మరమ్మతు రెవెన్యూ పద్దు నుంచి జరుగుతాయి. ఒకదానికి ప్రారంభోత్సవ ఛాయాచిత్రాలు ఉంటాయి. రెండోదానిని కోత పడేటప్పుడు తప్ప ఎవరూ చదవరు.

ఈ మొత్తం వ్యవహారాన్ని దళాల లోపలి విషయంగా, గిడ్డంగి లెక్కగా కొట్టివేయడానికి వీల్లేదని బస్తర్ చరిత్రే చెబుతోంది. 2013 మే 17 రాత్రి బీజాపూర్ జిల్లా ఎడెస్‌మెట్టలో విత్తనాల పండుగ కోసం గుమిగూడిన ఆదివాసులపై భద్రతా దళాలు కాల్పులు జరిపాయి. పిల్లలతో సహా ఎనిమిది మంది గ్రామస్థులు మరణించారు. ఒక కోబ్రా కానిస్టేబుల్ కూడా ప్రాణాలు కోల్పోయాడు. విచారణ జరిపిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ నివేదిక 2022 మార్చిలో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ముందుకు వచ్చింది. మంట చుట్టూ చేరినవారిని చూసి మావోయిస్టులుగా పొరపడి, భయాందోళనలో కాల్పులు జరిపి ఉండవచ్చనీ, కానిస్టేబుల్ సొంత సహచరుల తూటాకే బలయ్యాడనీ కమిషన్ అభిప్రాయపడింది. బలగాలకు తగిన సాధనాలు, మెరుగైన సమాచారం ఉంటే ఈ ఘటన తప్పేదని కూడా పేర్కొంది. దానికి ఏడాది ముందు, 2012 జూన్ 28 రాత్రి, అదే జిల్లా సార్కేగూడలో 17 మంది మరణించిన కాల్పులూ చీకటిలో జరిగినవే.

ఈ రెండు విషాదాలకూ పరికరాల కొరత ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. గూఢచార సమాచారం, ఆదేశాల తీరు, జవాబుదారీతనం వంటి పెద్ద ప్రశ్నలు అక్కడ ఉన్నాయి. ఏ స్కోపూ వాటికి బదులు కాదు. అయితే స్కోపు పని తూటాను నడిపించడం మాత్రమే కాదు, ఎదుట ఉన్నది ఎవరో చూపించడం కూడా. బస్తర్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప పూలు తెల్లవారుజామున రాలుతాయి. పశువులు, ఇరుగుపొరుగు కంటే ముందుగా చేరాలని ఆడవారు, పిల్లలు చీకటి ఉండగానే బుట్టలతో అడవికి బయలుదేరుతారు. మే నెలలో తునికాకు సేకరణకూ అంతే. కొత్త ట్యూబ్‌లో బుట్ట బుట్టలా కనిపిస్తుంది. ఆయుష్షు తీరిన ట్యూబ్‌లో అదే దృశ్యం ఆకుపచ్చని నలకల మధ్య కదిలే ఒక నీడ. ఆ నీడను చూసి నిర్ణయం తీసుకోవలసిన జవానుకు దొరికే వ్యవధి కొన్ని క్షణాలు.

సాయుధ దళాలకు మరమ్మతు హక్కు అన్న చర్చ ఇతర దేశాల్లో ఇప్పటికే మొదలైంది. 2025 ఏప్రిల్ 30న అమెరికా రక్షణ మంత్రి పీట్ హెగ్సెత్ జారీ చేసిన ఆదేశం సైన్యం కుదుర్చుకునే ఒప్పందాలలో తమ పరికరాలను తామే బాగుచేసుకునే హక్కు చేర్చాలని కోరింది. అదే ఉద్దేశంతో రక్షణ బిల్లులో ప్రతిపాదించిన నిబంధనను డిసెంబర్‌లో తొలగించారు. తయారీ సంస్థల మేధో సంపత్తి వాదన అక్కడా బలమైనదే. భారత్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. అందులో వ్యవసాయ యంత్రాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు ఉన్నాయి. దళాలు కొనే సాధనాల ఊసు అక్కడ ఉండే అవకాశం లేదు. అది టెండర్ షరతులలోనే తేలవలసిన విషయం. విడిభాగాలు కనీసం పదేళ్లు సరఫరా చేయాలి, తొలి రెండు అంచెల మరమ్మతుకు దళాల సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, వారు సీలు విప్పినా హామీ రద్దు కారాదు, వారంటీ గడువు వినియోగ స్థానానికి చేరిన రోజు నుంచి లెక్కించాలి అన్న నాలుగు వాక్యాలు చేర్చితే ధర కొంత పెరుగుతుంది. పెరిగిన ఆ ధరే పరికరం అసలు ధర.

నిధుల సంగతి ఇక్కడే మళ్లీ ముందుకు వస్తుంది. భద్రతా సంబంధిత వ్యయ పథకం కింద కేంద్రం రాష్ట్రాలకు చెల్లించే సొమ్ము జిల్లాల జాబితాతో ముడిపడి ఉంది. జాబితా కుదించుకుపోతే సొమ్మూ తగ్గుతుంది. పరిస్థితి మెరుగుపడిన జిల్లాలను ఒక్కసారిగా వదిలివేయకుండా వేరే వర్గాల కింద కొంతకాలం సాయం కొనసాగిస్తున్నారు. అయినా ప్రాధాన్యం ఇదివరకటిలా ఉండదు. కేంద్ర బలగాలు దశలవారీగా వెనక్కి మళ్లితే శిబిరాలు, వాటితో పాటు కొంత సామగ్రి రాష్ట్ర పోలీసులకు సంక్రమిస్తాయి. అడవిలో మిగిలి ఉన్న మందుపాతరల మధ్య, రాత్రి గస్తీ బాధ్యతతో, పదేళ్ల కిందటి సైట్లు పట్టుకుని నిలబడేది స్థానిక యువకులతో ఏర్పడిన బస్తర్ ఫైటర్లు, జిల్లా రిజర్వు గార్డులే. వారంటీ, నిర్వహణ ఒప్పందాలు కొన్న దళం పేరిట ఉంటాయి కనుక చేతులు మారిన నాడే వాటి చెల్లుబాటు ప్రశ్నార్థకమవుతుంది.

అందువల్ల అప్పగింత జాబితా తయారుచేసే వేళ ఎన్ని సైట్లు ఇచ్చారన్న సంఖ్య ఒక్కటే చాలదు. ప్రతి పరికరం ఎన్ని గంటలు పనిచేసింది, చివరిసారి ఎప్పుడు తెరిచి నైట్రోజన్ నింపారు, ఏ రైఫిల్ మీద గురి సరిచూశారు, తయారీ సంస్థ ఇప్పటికీ ఆ నమూనా విడిభాగాలు ఇస్తున్నదా అన్న వివరాలు దాని వెంట వెళ్లాలి. ఆయుష్షు తీరినవాటిని అప్పగించకుండా అక్కడే రద్దు చేయాలి. తదుపరి ఆధునికీకరణ ప్రణాళిక రూపొందినప్పుడు దానిలో కొత్త కొనుగోళ్ల పక్కన పాత సైట్ల ట్యూబ్‌ల మార్పిడికి, జగదల్‌పూర్ స్థాయిలో ఒక ఉమ్మడి వర్క్‌షాప్‌కు వేరే పద్దు ఉన్నదా లేదా అన్నది మొదటగా చూడవలసిన పేజీ.